తుపాకుల దొర మూసారాం

జగిత్యాల కోట చూడబోయినవారు బురుజుల మీది ఫిరంగులను తడిమి చూడకుండా తిరిగి రారు. చుట్టూ కందకం, నక్షత్రం మాదిరి కోణాలు తీరిన గోడలు. తెలంగాణలోని పాత కోటలకు ఈ పోలిక లేదు. 1747లో జఫరుద్దౌలా దీన్ని కట్టించాడని, జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు నమూనా గీశారని, ఆ ఇద్దరి పేర్లు కలిసే ఊరి పేరు అయిందని చెప్పుకొంటారు. కాదు, పొలాస ఏలిన జగ్గదేవుని పేరు మీదుగానే జగిత్యాల అయిందనేవారూ ఉన్నారు. పేరు సంగతి ఎట్లా ఉన్నా కోట కట్టడం మాత్రం యూరపు పద్ధతిదే.

ఆ కోట లేచిన ఎనిమిదేండ్లకు, 1755లో, ఫ్రాన్సు దేశపు గాస్కనీ ప్రాంతంలో సెరిన్యాక్ అనే ఊరిలో ఒక వర్తకుని ఇంట మగబిడ్డ పుట్టాడు. పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలతో సహా తెలంగాణ అంతా నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో నిజాం ఫౌజుకు వెన్నెముకగా నిలిచినవాడు ఇతడే. హైదరాబాదులో హిందువులు మూసారాం అని, ముస్లిములు మూసా రహీం అని పిలుచుకొన్న దొర ఇతడే. నిజాం రాజ్యంలో తుపాకికి వచ్చిన మార్పు ఇతని జీవితంతో ముడిపడి ఉన్నది.

అంగడి పెట్టబోయి

రేమండ్ 1775లో సరుకుతో పుదుచ్చేరిలో దిగాడు. అంగడి పెట్టి నాలుగు రూకలు సంపాదించాలన్నదే మొదటి ఆలోచన. వ్యాపారం అచ్చిరాలేదో, మనసు నిలువలేదో, రెండేండ్లు తిరిగేసరికి మైసూరులో హైదరలీ కొలువులో ఉన్న ఒక ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ రెండోసారి ఈ దేశానికి వచ్చినప్పుడు అతని దగ్గర సహాయాధికారి అయ్యాడు. బుస్సీ అంటే తెలుగువారికి కొత్త కాదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో విజయనగరం వారి పక్షాన ఫిరంగులు తెచ్చినవాడు. ఆ బుస్సీ 1785లో పుదుచ్చేరిలో చనిపోయాడు. మరుసటి ఏడు రేమండ్ హైదరాబాదు చేరి నిజాం అలీఖాన్ కొలువులో కుదురుకొన్నాడు. అప్పటికి అతనికి ముప్పై ఒకటో ఏడు.

మొదట అతని కింద ఉన్నది 300 మంది మాత్రమే. వారి చేతి తుపాకులు కూడా సొంతం కావు. తన దేశపు వర్తకుడొకని దగ్గర తుపాకి ఒక్కంటికి నెలకు ఎనిమిది అణాలు కిరాయికి తెచ్చినవి. లెక్క వేస్తే నెలకు 150 రూపాయలు కిరాయికే పోయేది. కిరాయి ఎడ్లతో సేద్యం చేసిన రైతుకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. తుపాకి విరిగితే నష్టం తనది, బాగుంటే లాభం వర్తకునిది.

రేమండ్ ఆ బాధ నుంచి బయటపడిన తీరులోనే అతని తెలివి ఉన్నది. 1786లోనే ఫతే మైదాన్ దగ్గర ఫిరంగులు పోసే కొలిమి లేచింది. తోప్ కా సాంచా అని పిలిచేవారు. నేడు హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అనే పేటకు ఆ పేరు దాని వల్లనే వచ్చింది. ఇటుక గోడలు కొన్ని అక్కడ మిగిలి ఉన్నవి. ఫిరంగులతో పాటు మందుగుండు, సిపాయి చేతి తుపాకులు కూడా ఇక్కడి కార్ఖానాల్లోనే తయారు కాసాగాయి. పరాయి దేశపు ఓడ కోసం, పుదుచ్చేరి వర్తకుని దయ కోసం ఎదురుచూసే పని తప్పింది. తరువాతి రోజుల్లో వీటిని చూసిన ఇంగ్లీషు అధికారులు కూడా ఇక్కడ మంచి ఫిరంగులు పోస్తున్నారని, పనికివచ్చే తుపాకులు చేస్తున్నారని ఒప్పుకొన్నారు. పగవాడు ఒప్పుకొన్న మాట గనుక నమ్మవచ్చు.

వత్తి తుపాకి, చకుముకి తుపాకి

భర్మారు తుపాకి అంటే మన ఊళ్ళలో పెద్దవారికి తెలుసు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేది. అడవి అంచు ఊళ్ళలో పందుల బెడదకు ఒకప్పుడు దాన్నే నమ్ముకొన్నారు. 1959 ఆయుధాల చట్టం, 1972 వన్యప్రాణి చట్టం వచ్చిన తరువాత లైసెన్సు లేని తుపాకి, అనుమతి లేని వేట రెండూ నేరమే అయ్యాయి. ఆ తుపాకిలో వేలితో లాగే మీటను ట్రిగ్గరు అంటారు. దాని చుట్టూ వంచి బిగించిన ఇనుప కమాను ఒకటి ఉంటుంది. అది అందానికి పెట్టింది కాదు.

రేమండ్ వచ్చేనాటికి దక్కను సైన్యాల్లో ఎక్కువ మంది చేతిలో ఉన్నది తోడేదార్ బందూకు, అంటే వత్తి తుపాకి. నిప్పు అంటించిన నూలు వత్తిని పాము పడగ వంటి ఇనుప కొక్కేనికి తగిలిస్తారు. కింద ఉన్న రేకు వంటి మీటను నొక్కితే పడగ మెల్లగా వంగి వత్తి రంజకాన్ని తాకుతుంది. రంజకం భగ్గుమని, సన్నని రంధ్రం గుండా నిప్పు లోపలికి పోయి తుపాకి పేలుతుంది. ఆ మీట చుట్టూ కమాను ఉండేది కాదు. అవసరమూ తక్కువే. మీటకూ పడగకూ మధ్య వంచి పెట్టిన బలమైన స్ప్రింగు లేదు. వేలు ఎంత కదిలితే పడగ అంతే కదులుతుంది. వత్తి రాజేయకపోతే, రంజకపు గిన్నె మూత తీయకపోతే మీట వందసార్లు లాగినా పేలదు. అయితే వానలో వత్తి ఆరిపోయేది. రాత్రివేళ ఎర్రగా మెరిసి శత్రువుకు జాడ చెప్పేది. పక్కవాని నడుముకు మందుతిత్తి వేలాడుతుండగా చేతిలో మండే వత్తితో భుజం భుజం కలిపి నిలబడటం ఎవరి తరమూ కాదు. అందువల్ల ఆ తుపాకీదార్లు ఎడం ఎడంగా నిలబడి, ఎవరి వీలు కొద్దీ వారు కాల్చేవారు.

యూరపు పద్ధతి చకుముకి తుపాకిలో కథ వేరు. ఉర్దూలో ఘోడా అనే ఇనుప ముక్క దవడల మధ్య చకుముకి రాయి బిగించి ఉంటుంది. ఘోడాను బొటనవేలితో వెనక్కు ఎత్తినప్పుడు లోపలి ఉక్కు స్ప్రింగు బిగుసుకొంటుంది. ఒక కొక్కెం గాడిలో పడి దాన్ని ఆపుతుంది. గాడులు రెండు. సగం ఎత్తిన గాడిలో ఉన్నంతసేపు మీట లాగినా కదలకూడదు. మందు దట్టించేది, తుపాకి మోసేది ఆ స్థితిలోనే. పూర్తిగా ఎత్తిన గాడిలో పడిందంటే ఇక స్ప్రింగు బలమంతా ఆ చిన్న కొక్కెం మొనపై ఆగి ఉన్నట్లే. మీట చేసే పని ఆ మొనను గాడి నుంచి తప్పించడమే. తప్పిన మరుక్షణం రాయి ఉక్కు పలకకు కొట్టుకొని నిప్పురవ్వలు రాలుతాయి.

అంటే వేలు చేయవలసిన పని తగ్గి, స్ప్రింగు చేసే పని పెరిగింది. సిపాయి అంగీ చెయ్యి తగిలినా, పటకా కొస చిక్కినా, పక్కవాని మోచేయి తాకినా చాలు. మీట చుట్టూ కమాను తప్పనిసరి అయినది ఇందుకే. ఫ్రెంచివారు తమ సైన్యానికి 1777లో తెచ్చిన నమూనాలో ఈ కమాను మీద కూడా శ్రద్ధ పెట్టారు. దాని వెనుక భాగాన రెండు చిన్న మిట్టలు ఏర్పరచి, చెమట చేతిలో కూడా పట్టు జారకుండా చేశారు. రంజకపు గిన్నెను తుప్పు పట్టని ఇత్తడితో చేశారు. 1785లో అనొరే బ్లాన్ అనే పనివాడు యాభై తుపాకుల లాకులను ముక్కలుగా విప్పి, ఏ ముక్కనైనా దేనికైనా బిగించి చూపించాడు. అప్పుడు ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న అమెరికా నాయకుడు జెఫర్సన్ స్వయంగా కొన్నింటిని కూర్చి చూశాడు. అంతకుముందు ప్రతి లాకు దాని తుపాకికే సరిపోయేది. మీట విరిగితే కొలిమి దగ్గర కూర్చుని ఆకురాయితో అరగదీసి కొత్తది పొసగించవలసిందే. మన ఊరి కమ్మరి చేసే పని కూడా అదే.

పనికి సామాను మన చుట్టుపక్కల లేనిది కాదు. కోరుట్ల, మెట్‌పల్లి దాటి కమ్మర్‌పల్లి వైపు పోతే కోనసముద్రం వస్తుంది. ఆ ఊరి మూస ఉక్కు కోసం పారశీక వర్తకులు ఇంత దూరం వచ్చి ముద్దలు కొనుక్కుపోయేవారు. 1820 దరిదాపుల్లో వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను చూసి వివరంగా రాశాడు. కోరుట్ల చేతి కాగితం సంగతి నిజాం కాలంలో అందరికీ తెలిసిందే. తూటా అంటే ఆ రోజుల్లో కాగితపు పొట్లమే. కొలిచిన మందు, గుండు అందులో చుట్టి ఉంచేవారు. సిపాయి పంటితో కొరికి, చిటికెడు రంజకపు గిన్నెలో వేసి, తక్కినది గొట్టంలో పోసి, గుండును, కాగితాన్ని కలిపి దట్టించేవాడు. తరిఫీదు పొందినవాడు నిమిషానికి రెండు, మూడుసార్లు కాల్చగలిగేవాడు.

రేమండ్ సిపాయిలకు ఇచ్చిన తరిఫీదు ఇదే. ఎత్తు, దించు, సగం ఎత్తు, పూర్తి ఎత్తు, కాల్చు. ఒక్కొక్క మాటకు వందల చేతులు ఒక్కటిగా కదలాలి. మాట వచ్చేదాకా వేలు కమాను లోపలికి పోరాదు. 300 మందితో మొదలైన దళం పదేండ్లు తిరగకముందే పది వేలు దాటింది. వారి జీతాల కోసం నిజాం జాగీరు భూములు అప్పగించాడు. అజ్దరుద్దౌలా, ముతహవ్విరుల్‌ముల్క్ అనే బిరుదులు ఇచ్చాడు. మొదటిదానికి రాజ్యానికి మహాసర్పం వంటివాడని అర్థం. నిజాం అంతటితో ఆగలేదు. రేమండ్ బలం తన తలకే చుట్టుకొంటుందేమోనని ఫింగ్లాస్ అనే ఐరిష్‌వానికి, బాయిడ్ అనే అమెరికావానికి వేరే దళాలు ఇచ్చి కూర్చోబెట్టాడు. పరాయివారిని ఒకరి మీద ఒకరిని నిఘాగా ఉంచడం ఆ దర్బారు రివాజు.

ఖర్దా రాత్రి

1795 మార్చిలో చౌత్ బకాయిల తగాదా మీద మరాఠాలకు, నిజాముకు యుద్ధం వచ్చింది. మార్చి 11న ఖర్దా దగ్గర రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఈ ఊరు నేటి మహారాష్ట్రలోని అహల్యానగర్ జిల్లాలో ఉన్నది. నిజాం గుర్రపు దళాలు మొదటి దెబ్బకే చెదిరిపోయాయి. రేమండ్ పటాలాలు మాత్రం చెదరలేదు. ఎదుట ఉన్నవి సింధియా పటాలాలు. వాటికీ తరిఫీదు ఇచ్చింది ఫ్రెంచివారే. ఒకే బడిలో చదివిన ఇద్దరు తలపడినట్లయింది. రేమండ్ సిపాయిలు వరుస తప్పకుండా కాలుస్తూ నిలబడి ఉండగానే వృద్ధుడైన నిజాం ఏనుగు మీద వెనుదిరిగాడు. వెంట వచ్చిన జనానాలో ఆడవారు బెదిరిపోయారని, వారి ఒత్తిడి వల్లనే నిజాం వెనక్కు మళ్ళాడని చెబుతారు. దొరకు కూడా వెనక్కు రమ్మని కబురు పోయింది. గెలుపు ఓటములు తేలకముందే వెనక్కు రావలసి వచ్చింది.

ఆ రాత్రి జరిగింది చిన్న సంగతి. దాని ఫలితం మాత్రం రాజ్యమంత. సిపాయిలు మందు దట్టించిన తుపాకులను పక్కన పెట్టుకొని నేల మీదనే పడుకొన్నారు. పగలంతా కాల్చి, నడిచి అలసిన మనుషులు. చీకట్లో కొద్దిమంది మరాఠా రౌతులు గుర్రాలకు నీళ్ళు వెతుక్కుంటూ ఒక వాగు దగ్గరకు వచ్చారు. అక్కడే నిజాం వైపు కాపలా మనుషులు కొందరు ఉన్నారు. వారు ఉలిక్కిపడి కాల్చారు. ఆ చప్పుడుకు దగ్గరలో ఉన్న రేమండ్ కాపలా సిపాయిలు కాల్చారు. నిద్రలో ఉన్న వరుస వరుసంతా దిగ్గున లేచి, ఎవరూ మాట ఇవ్వకుండానే, ఎదుట ఎవరూ లేకుండానే మీటలు లాగింది.

పదేండ్ల తరిఫీదులో నేర్పింది మాట వచ్చాక లాగడం. ఆ అర్ధరాత్రి మాట లేకుండానే వేలు కమాను లోపలికి పోయింది. కమాను అంగీ చేతిని ఆపగలదు, భయపడిన వేలిని ఆపలేదు. సిపాయిలను తప్పుపట్టడం న్యాయం కాదు. గెలుస్తున్న పోరు నుంచి వెనక్కు లాగి, తెలియని చోట చీకట్లో పడుకోబెట్టినవారిదే అసలు తప్పు.

వేల తుపాకుల మోతకు నిజాం శత్రువు మీద పడ్డాడనుకొన్నాడు. తెల్లవారకముందే ఖర్దా గఢీలో దూరి తలుపులు వేయించుకొన్నాడు. సైన్యంలో చాలామంది సామాను విడిచి పరారయ్యారు. తెల్లవారి లేచిన మరాఠాలకు ఎదుట ఫిరంగులు, డేరాలు, బండ్లు కనిపించాయి గాని మనుషులు కనిపించలేదు. వారు గఢీని చుట్టుముట్టారు. నిజాం సంధికి ఒప్పుకొన్నాడు. మూడు కోట్ల రూపాయలు, దౌలతాబాదు కోట, ఇతర భూములు ఇవ్వడానికి, తన దివాను అరస్తూ జా ను బందీగా అప్పగించడానికి ఒప్పందం జరిగింది. అన్ని కోట్లు చివరికి ఎవరి ఇంటి నుంచి రావాలో పన్ను కట్టే రయితుకు చెప్పనక్కరలేదు.

నిజాం మాత్రం రేమండ్‌ను తప్పుపట్టలేదు. కష్టంలో ఆదుకోని ఇంగ్లీషువారి మీదనే కోపం తెచ్చుకొని వారి రెండు పటాలాలను పంపివేశాడు. ఆ ఏడు జూన్ నెలలో నిజాం కొడుకు అలీ జా తిరుగుబాటు చేసి బీదరు వైపు పోయాడు. రేమండ్ వెంబడించి ఔరంగాబాదు దగ్గర పట్టుకొన్నాడు. తెచ్చేదారిలో అలీ జా విషం తాగి చనిపోయాడు. ఈ సేవతో రేమండ్ పలుకుబడి ఇంకా పెరిగింది. దళం పదిహేను వేలకు దగ్గరయింది. ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా హైదరాబాదులో ఎగరడం ఇంగ్లీషువారికి కంట్లో నలుసయింది. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను, హైదరాబాదులో రేమండ్ చేతులు కలుపుతారన్నది వారి భయం. 1797లో మరాఠాల చెర నుంచి తిరిగి వచ్చిన అరస్తూ జా ఇంగ్లీషువారి పక్షం వహించాడు. దొరకు దర్బారులో నేల జారడం మొదలయింది.

1798 మార్చి 25న రేమండ్ ఉన్నట్టుండి మరణించాడు. వయసు నలభై రెండు. విషం పెట్టారని కొందరు, తానే తాగాడని కొందరు చెప్పుకొన్నారు.

బకాయి జీతం

అతని స్థానంలో పిరోన్ అనే ఫ్రెంచి అధికారి వచ్చాడు. రేమండ్‌కు ఉన్న నేర్పు గాని, సిపాయిలలో పలుకుబడి గాని ఇతనికి లేదు. 1798 సెప్టెంబరు 1న నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలని, కంపెనీ పటాలాలను నిజాం ఖర్చుతో పోషించాలని అందులో రాసుకొన్నారు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ ఒత్తిడి మీద అక్టోబరులో నిజాం ఫర్మానా వెలువడింది.

అప్పుడు సిపాయిలు లేచారు. అయితే ఇంగ్లీషువారి మీద కాదు, తమ అధికారుల మీదనే. జీతాలు బకాయి ఉన్నాయి. దళం పోతే ఆ డబ్బు ఎవరిస్తారన్నది వారి ప్రశ్న. పిరోన్‌ను, తక్కిన దొరలను నిర్బంధించారు. మాట్లాడటానికి వచ్చిన కెప్టెన్ మాల్కంను కూడా గుంపు పట్టుకొన్నది. ఒకప్పుడు కంపెనీ పటాలంలో అతని దగ్గర పనిచేసిన సిపాయిలు కొందరు ఆ గుంపులోనే ఉండి, గుర్తుపట్టి, అడ్డం పడి బయటికి చేర్చారు. 22వ తేదీన కంపెనీ సేనలు కర్నల్ రాబర్ట్స్ ఆధ్వర్యంలో దళాన్ని చుట్టుముట్టి ఫిరంగులు గురిపెట్టాయి. బకాయిలు చెల్లిస్తామని మాట ఇచ్చారు. సాయంత్రానికి పదకొండు వేల మంది ఆయుధాలు కింద పెట్టి వెళ్ళిపోయారు. ఒక్క ప్రాణం పోలేదు. ఖర్దాలో ఎవరూ చెప్పకుండానే పేలిన తుపాకులు, రాజ్యం చేయి జారుతున్న నాడు ఒక్కటీ పేలలేదు. ఫ్రెంచి అధికారులను కలకత్తాకు, అక్కడి నుంచి యూరపుకు పంపివేశారు. మరుసటి ఏడు మే నెలలో టిప్పు మీద శ్రీరంగపట్నంలో జరిగిన ఆఖరి పోరులో నిజాం ఫౌజు కంపెనీ పక్కన నిలబడింది.

రేమండ్ సమాధి హైదరాబాదులో మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి గుట్ట మీద ఉన్నది. నల్లరాతితో ఏడు మీటర్ల ఎత్తు స్తంభం, దానిపై అతని పేరులోని రెండు అక్షరాలు. పక్కన ఇరవై ఎనిమిది స్తంభాల మంటపం. 2001 అక్టోబరు వానలకు మంటపం కూలిపోగా తిరిగి నిలబెట్టారు. దొర చనిపోయిన తేదీన అక్కడ ఏటా ఉరుసు జరిగేది. సిపాయిల కుటుంబాలవారు, పేటలోని హిందువులు, ముస్లిములు అగరువత్తులు, పూలు, కొబ్బరికాయలు పట్టుకుపోయేవారు. గుట్ట కింది పేటను నేటికీ మూసారాంబాగ్ అనే పిలుస్తారు. మెట్రో రైలు స్టేషనుకు కూడా ఆ పేరే పెట్టారు. జగిత్యాల, సిరిసిల్లల నుంచి పని మీద హైదరాబాదు పోయి దిల్‌సుఖ్‌నగర్ రైలెక్కేవారికి దారిలో ఆ పేరు వినిపిస్తుంది.